శుక్రవారం పంపరాదు

సిరిసిల్ల

కోరుట్లలో ఉన్న రేణుకకు మొగిలవ్వ రాసేది. విడాకులయ్యాక నిన్ను కోడలా అనొచ్చో లేదో జగిత్యాల కోర్టు చెప్పలేదు కనుక బిడ్డా అంటున్నాను. ఫోన్లో మాటలు రికార్డవుతాయని వకీలు మా జితేందర్‌ను భయపెట్టాడు. అందుకే ఈ చీటీ నీ కూతురి సంచిలో పెడుతున్నాను.

మా వంతు శని, ఆదివారాలే, వర్షిణిని పోయిన ఆదివారం సాయంత్రమే పంపాలి, తెలుసు. ఆదివారం అమావాస్య పడింది. సోమవారం చెప్పులు వేసుకుంటే పక్కింటి సారక్క తుమ్మింది. మంగళవారం ఆడపిల్లను గడప దాటించం కదా. బుధ, గురువారాలు ఎండ. బస్సులో పిల్ల సొమ్మసిల్లితే నీకేం జవాబు చెప్పాలి? శుక్రవారం లక్ష్మిని ఎవరు పంపుతారు? తీరా శనివారం వచ్చేసరికి మళ్లీ మా వంతే వచ్చింది. బడికి సెలవులే కదా, కోపం చేసుకోకు. పిల్ల పోయాక దాని దుప్పటి మడవాలంటే నాకు చేయి రాదు.

నీ మేలు కోరే మొగిలవ్వ

తా.క. సారక్కకు జలుబు లేదు. నశ్యం నేనే ఇచ్చాను.

*

కోరుట్ల

అత్తమ్మకు రేణుక రాసేది. మీరు బిడ్డా అన్నారు, మీ కొడుకు పంపిన నోటీసులో నేను ప్రతివాదిని. పిల్ల ఎక్కువ రోజులు తండ్రి దగ్గరే ఉంటున్నది కనుక నెలనెలా ఇచ్చే ఖర్చు సగం చేయాలట. అమావాస్య, తుమ్ము అన్నీ వకీలు నేర్పినవేనా? పిల్ల అక్కడుందని ఇంటి ఓనరు నా దగ్గర సగం కిరాయి తీసుకుంటాడా? బడివాళ్లు ఫీజు తగ్గిస్తారా? జాకెట్లు కుట్టి నేను ఎంతని పూడ్చాలి?

ఇంకొక్క ఆదివారం పిల్ల రాకపోయిందా, మళ్లీ పంపను.

రేణుక

తా.క. మీ సర్వపిండి రొట్టె కావాలని వర్షిణి రోజూ ఏడుస్తున్నది. నేను చేస్తే గిన్నెకు అంటుకుపోతున్నది. ఎలా చేస్తారో రాయండి. కోపం మాత్రం కోపమే.

*

సిరిసిల్ల

బిడ్డా రేణుకా, నీ చీటీ కూడబలుక్కుని చదివాను. పంపను అన్న మాట దగ్గర ఆగిపోయాను, అన్నం సయించలేదు. కొండగట్టు అంజన్న మీద ఒట్టు, నోటీసు సంగతి నాకు తెలియదు.

మావాణ్ని అడిగితే, "పోరి ఈడనే తింటాంది గదనే అవ్వా, ఆడ పైసలెందుకు?" అన్నాడు.

"నువ్వు ఎండకాలమంత మీ అమ్మమ్మ ఇంట్ల తిన్నవ్. గందుకని మీ అయ్య నాకు సగం బువ్వే పెట్టిండా?" అన్నాను. లేచిపోయి సాంచా ఆన్ చేశాడు. మగ్గం చప్పుడులో తల్లి మాట వినబడదని వాడి తెలివి.

తప్పు నాదే. చేబదులు తెచ్చిన చింతపండు తిరిగి ఇవ్వమా? పిల్లను ఎన్ని రోజులు ఎక్కువ ఉంచుకున్నానో అన్ని రోజులు నేనొచ్చి మీ ఇంట్లో ఉంటాను. లెక్క సరిపోతుంది. కోర్టు ఒప్పుకుంటుందని సారక్క చెప్పింది. పిల్లను మాత్రం ఆపకు బిడ్డా.

మొగిలవ్వ

తా.క. సర్వపిండి చల్లటి గిన్నెకే అద్దాలి. వేడి గిన్నెకు అద్దుతున్నావేమో. రాస్తే రాదులే, నేనే వస్తున్నాను కదా.

*

కోరుట్ల

కొడుకు జితేందర్‌కు అవ్వ రాసేది. శనివారం బస్టాండులో రేణుక నీకు పిల్లను అప్పజెప్పినప్పుడు సంచి చూసుకో, ఈ చీటీ ఉంటుంది. నీ వెంట బస్సెక్కి పోతానని నన్ను బస్టాండుకు రానివ్వడం లేదు.

ఇంకా రాలేదేమని కబురు పెట్టావు. ఏం చేయను? సోమవారం బయలుదేరితే రేణుక తుమ్మింది. మంగళవారం కుదరదన్నది. శుక్రవారం నా సంచే దాచింది. "లక్ష్మిని ఎవలన్న పంపుతరా అత్తమ్మా?" అన్నది. నా మాట నాకే అప్పజెప్పింది. నవ్వు రావాల్సింది, కళ్లల్లో నీళ్లొచ్చాయి.

మీ వకీలుకు చెప్పు. నీ బిడ్డ నీ ఇంట్లో తింటున్నదంటే, నీ తల్లి ఆమె ఇంట్లో తింటున్నది. నువ్వు తగ్గిద్దామనుకున్నది నా తిండికి చెల్లు. నోటీసు వాపసు తీసుకో. లేకుంటే నా ఖర్చుకు రేణుక నీ మీద కేసు వేస్తుందట. నేను సంతకం పెడతానన్నాను.

ఇక్కడ సాంచాల చప్పుడు లేక నిద్ర రాదు. అక్కడుంటే పిల్ల మీద పాణం, ఇక్కడుంటే నీ మీద. వేళకు తిను నాయనా.

అవ్వ

తా.క. రేణుకకు కూడా జలుబు లేదు. ఇల్లంతా వెతికితే నా నశ్యం డబ్బీ ఆమె కుట్టుమిషన్ సొరుగులో దొరికింది. చూడనట్టే మళ్లీ అక్కడే పెట్టాను.