మానేసినవాళ్ళ వల

శుక్రవారం, రాత్రి

తాగుడు మానేసినవాళ్ళ సంఘానికి వచ్చిన గ్రాంటుతో కొన్న వలను ఇవాళ మొదటిసారి రొయ్యల చెరువులో దించారు. ఆ జట్టులో మా ఆయన కూడా ఉన్నారు. పట్టుబడి అయ్యాక కూలీలకు మందు సీసా ఇవ్వడం ఇక్కడి ఆనవాయితీ. చెరువు యజమాని రాజుగారు మర్యాదకే ఇవ్వబోయారట.

"మాకొద్దండి, టీ పోయించండి చాలు," అన్నారట ఈయన.

ఇంటికొచ్చి గుమ్మంలోనే ఆగారు. నోరు ఊదించి వాసన చూసుకున్నాకే లోపలికి రానివ్వడం నాకు ఏళ్ళనాటి అలవాటు.

"ఊదమంటావా?" అన్నారు నవ్వుతూ.

"అక్కర్లేదు. కాళ్ళు కడుక్కోండి," అన్నాను.

రేపు ఇంకో చెరువు, ఇంకో సీసా. గ్రాంటు వల కొనిచ్చింది గానీ, రోజూ వద్దనాల్సింది ఈయనే కదా...

ఇందాక నిద్రపోయారనుకుని మొహం మీదికి వంగాను. కళ్ళు తెరవకుండానే మెల్లగా ఊదారు.