పదిహేనో అర్జీలో మూడో అంశం

కారాగార పర్యవేక్షకులు గారి సముఖమునకు,
కచేరీ వరండాలో మూడో స్తంభం దగ్గర కూర్చుని అర్జీలు రాసే మనిషి తన కోసం రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: ఖైదీ నంబరు 318కి చేరవలసిన ఇరవై ఆరు ఉత్తరాలు తమ కార్యాలయపు ఫైలులో ఉండిపోవుట, వాటిలో పదిహేనవ దానిలోని సంగతిని అతని విడుదలకు ముందే అతనికి తెలియజేయుట గురించి.

పై విషయంలో ఈ దిగువ సంగతులు తమకు మనవి చేసుకుంటున్నాను.

1. నంబరు 318 నాకు తోడబుట్టిన తమ్ముడు. ఇంట్లో చిన్నోడు అంటాం. ఈ నెల ఇరవై రెండవ తేదీ ఉదయం పది గంటలకు అతను విడుదలవుతున్నాడు. మా అమ్మ చనిపోయి పదకొండు నెలలైంది. ఆ సంగతి అతనికి ఇప్పటికీ తెలియదు. అందుకు తమ కార్యాలయాన్ని తప్పు పట్టడానికి ఈ అర్జీ రాయడం లేదు. కారణం నేనే.

2. నేను పందొమ్మిదేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. నాకు పని నేర్పిన పెద్దాయన మూడేళ్ళపాటు అర్జీలే రాయించాడు. ఎడమ పక్క రెండు వేళ్ళ మేర ఖాళీ వదలాలి. ఒక్కో సంగతికి ఒక్కో అంకె వేయాలి. జరిగిన వరుస తప్పకూడదు. ఏడుపు రాయకూడదు, ఏడుపుకు కారణం రాయాలి. అర్జీ ఎవరి గురించి అయినా సరే, వారి పై అధికారి పేరిట, ఆ అధికారి ద్వారానే వెళ్ళాలి. ఇవన్నీ నాకు చేతికి పట్టుబడ్డాయి.

ఇంటి ఉత్తరాలు ఎలా రాయాలో కూడా చెప్పమని ఒకసారి అడిగాను. "దానికి నేర్పేదేముందిరా? వాళ్ళు చెప్తారు, నువ్వు రాస్తావు" అన్నాడు.

అది నిజమే. నా ముందు ఒక ముక్కాలి పీట ఉంటుంది. వచ్చినవారు దాని మీద కూర్చుని మాట్లాడతారు. "వాడికి చలి ఎక్కువండీ, తల కప్పుకుని పడుకోమనండి" అంటే అలాగే రాస్తాను. "పిల్ల పాకుతోంది, గడప దగ్గరికొచ్చి ఆగి మీ చెప్పుల వంక చూస్తోంది అని రాయండి" అంటే అలాగే రాస్తాను. ఇంటి ఉత్తరాలు బాగా రాస్తానని నాకు పేరుంది. ఆ పేరు నాది కాదని, ఆ పీట మీద కూర్చున్నవాళ్ళదని నాకు ఈ మధ్యనే తెలిసింది.

3. ఈ అంశం రాయకుండా దాటేద్దామనుకున్నాను. కానీ ఇది లేకపోతే మిగతాది తమకు అర్థం కాదు.

తమ్ముడు ధాన్యం యార్డులో బస్తాలు మోసేవాడు. కాటా వేసే మనిషితో మాటామాటా పెరిగి, అతని చేతి మీద తూకపు గుండు వేశాడు. ఆ చెయ్యి ఇప్పటికీ ముడవదు. మర్నాడు ఆ మనిషి భార్య వరండాలోకి వచ్చి పీట పక్కన నిలబడింది.

"మీ దగ్గరికి రాకూడదని తెలుసన్నా. ఇక్కడ ఇంకెవరున్నారు రాసేవాళ్ళు?" అంది.

"కూర్చోమ్మా" అన్నాను.

ఆమె చెప్పింది, నేను రాశాను. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీయలేదు. కోర్టులో ఆ ఫిర్యాదు చదువుతుంటే, రెండో అంకె దగ్గరికి వచ్చేసరికి తమ్ముడు తల తిప్పి నా వైపు చూశాడు. నాతో పెరిగినవాడు, నా వాక్యం వినగానే పోల్చుకున్నాడు.

బయటికి తీసుకెళ్తుంటే దగ్గరికి వెళ్ళి, "అందులో అబద్ధం ఏమీ లేదురా" అన్నాను.

"లేదు. ఒక్కటి కూడా లేదు" అన్నాడు.

అతను నాతో అన్న ఆఖరి మాట అదే. నా జీవితంలో ఆ ఒక్క కాగితం మాత్రం ఎక్కడికి చేరాలో సరిగ్గా అక్కడికి చేరింది.

4. శిక్ష పడ్డాక మూడుసార్లు చూడటానికి వచ్చాను. మూడుసార్లూ ముసలి వార్డరు లోపలికి వెళ్ళి ఒక్కడే తిరిగొచ్చాడు. మూడోసారి, "ఒంట్లో బాగానే ఉందండీ. మీరని చెప్తే రానంటున్నాడు. మీరు మాత్రం ఎన్నిసార్లని బస్సెక్కుతారు, ఉత్తరం ముక్క రాయరాదూ?" అన్నాడు.

ఆ రోజు నుంచి నెలనెలా ఒకటి రాశాను. రాయడానికి కూర్చుంటే ఎదురుగా పీట ఖాళీగా ఉండేది. చెప్పేవారెవరూ లేరు. కలం పట్టుకుంటే చెయ్యి తనకు తెలిసిన దారిన పోయింది. తమ హోదా పైన వేసి, 'అయ్యా' అని మొదలుపెట్టి, 'ఖైదీ నంబరు 318కి ఈ దిగువ సంగతులు తెలియజేయ ప్రార్థన' అని రాశాను. తమ్ముడి ముఖం తలుచుకుని రాయలేనిది, తమ హోదా తలుచుకుంటే సులువుగా రాయగలిగాను. దాచడమెందుకు, అలా రాయడం నాకు హాయిగానే ఉండేది.

ప్రతి ఉత్తరానికీ వారం తిరక్కుండా తమ ఆఫీసు నుంచి అచ్చు వేసిన కార్డు వచ్చేది: 'మీ అర్జీ అందినది. పరిశీలనలో ఉన్నది.' లోపలివాళ్ళకు ఉత్తరం ముట్టిందని చెప్పే పద్ధతి ఇదే కాబోలు అనుకున్నాను. అర్జీలతో బతికేవాడిని, ఆ అచ్చు వాక్యం అర్థం నాకు తెలియదని ఎవరికైనా చెప్తే నవ్వుతారు.

అమ్మకు చదువు రాదు. మోకాళ్ళ నొప్పులతో గడప దాటేది కాదు. కార్డు రాగానే మంచం దగ్గరికి పిలిచేది.

"చిన్నోడేమన్నాడు?"

"పరిశీలనలో ఉందట."

"అంటే బాగున్నాడనేగా?"

"బాగున్నాడనే అమ్మా."

కార్డు ఇమ్మని అడిగి తలగడ కింద పెట్టుకునేది. అలా పద్నాలుగు దాచుకుంది.

5. పదిహేనవ ఉత్తరంలో నాలుగు అంశాలు ఉన్నాయి. తమరు ఫైలు తెప్పించుకుంటే కనబడుతుంది. 'ఒకటి: తూర్పు వైపు గోడ వర్షమునకు కూలినది. రెండు: ఎర్ర ఆవు పెయ్యదూడను వేసినది. మూడు: తల్లి మొన్న మంగళవారము ఉదయము మరణించినది. నాలుగు: సదరు ఖైదీ చొక్కాలు మూడు ఉతికి పెట్టెలో భద్రపరచబడినవి.'

ఏది ముందు జరిగితే అది ముందు రాశాను. దానికీ కార్డు వచ్చింది. పరిశీలనలో ఉన్నది.

6. పోయిన గురువారం విడుదల తేదీ కనుక్కుందామని తమ కార్యాలయానికి వచ్చాను. తపాలా బల్ల దగ్గర గుమాస్తా గారు నా చిరునామా చూసి లేచి నిలబడ్డారు.

"మీరేనా ఆయన! రండి, కూర్చోండి. నెలనెలా ఠంచనుగా వస్తాయి మీ అర్జీలు. ఒక్క కొట్టివేత ఉండదు. కొత్తగా చేరినవాళ్ళకు ముందు మీ ఫైలే ఇస్తాను, అర్జీ అంటే ఎలా ఉండాలో చూసి నేర్చుకోమని."

"మా తమ్ముడు చదివాడా అవి?"

"మీ తమ్ముడెందుకు చదువుతాడండీ? అవి సూపరింటెండెంటు గారికి రాసినవి కదా."

బల్ల మీద రెండు చెక్క ట్రేలు ఉన్నాయి. ఒకదాని మీద 'ఖైదీల ఉత్తరాలు' అని, రెండో దాని మీద 'అర్జీలు' అని రాసి ఉంది. ఆయన తప్పేమీ లేదు. నేనైనా రెండో దానిలోనే వేసేవాడిని.

ఆ తర్వాత ఆయన విడుదల కాగితం తీసి చూపించారు. తమ్ముడు తన చేత్తో నింపింది. 'దగ్గరి బంధువులు' అన్నచోట 'అమ్మ' అని ఉంది. 'విడుదల తరువాత ఎక్కడికి' అన్నచోట 'అమ్మ దగ్గరికి' అని ఉంది.

"మీ పేరు వేయలేదండీ ఇందులో" అన్నారు గుమాస్తా గారు, నొచ్చుకుంటూ.

"అమ్మ పోయింది" అన్నాను.

"అయ్యో, మాకెవరూ చెప్పలేదే."

"చెప్పానండీ. పదిహేనో అర్జీ, మూడో అంశం."

ఆయన ఫైలు విప్పి చూసుకున్నారు. తర్వాత మంచినీళ్ళు తెప్పించి ఇచ్చారు. ఆయన మీద ఎలాంటి చర్యా తీసుకోవద్దని ఇక్కడే మనవి చేస్తున్నాను.

7. ఇంటికి వచ్చి తమ్ముడికి నేరుగా ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. నాలుగు కాగితాలు చింపాను. నాలుగింటిలోనూ తేదీ కింద చెయ్యి దానంతటదే 'విషయం' అని రాసింది.

నా భార్య చూసి, "పెళ్ళైన కొత్తలో పుట్టింటికి నాకు రాసిన ఉత్తరంలో కూడా 'త్వరలో బయలుదేరి రాగలందులకు' అని రాశావు. మా నాన్న చదివి, కచేరీ నుంచి వచ్చిందేమోనని భయపడ్డాడు" అంది. తర్వాత రోజూ సాయంత్రం నేను వరండా నుంచి ఇంటికి తెచ్చుకునే ముక్కాలి పీట నా వైపు జరిపి, నా చోటులో తను కూర్చుంది. "ఇటు కూర్చో. నేను రాసేదాన్ని. చెప్పండి, ఏం రాయమంటారు?"

"నీకు రాయడం రాదుగా."

"నీకు మాత్రం వచ్చా? చెప్పు."

పందొమ్మిదేళ్ళలో ఆ పీట మీద నేను ఎప్పుడూ కూర్చోలేదు. చాలా ఎత్తు తక్కువ. కూర్చుంటే మోకాళ్ళు గుండెల దాకా వస్తాయి, ఎదుటి మనిషిని తలెత్తి చూడాలి. అక్కడ కూర్చుని చెప్పాను. చెప్పింది మరచిపోకముందే లేచి రాసుకున్నాను.

కాబట్టి తమను వేడుకునేది ఏమనగా:

(అ) ఈ అర్జీకి నంబరు వేయకముందే తమరు స్వయంగా చదవవలసిందని.

(ఆ) ఇరవై ఐదు ఉత్తరాలు అతను వెళ్ళేటప్పుడు చేతికి ఇప్పించవలసిందని. పదిహేనవది ఇవ్వవద్దు. గోడకూ చొక్కాలకూ మధ్య ఆ సంగతి అతను చదవకూడదు. దాని బదులు, ఈ దిగువన రాసినది ఒకరోజు ముందుగా, ఇరవై ఒకటవ తేదీన, పగటి పూట ఇప్పించండి. చదివేటప్పుడు ఆ ముసలి వార్డరు దగ్గరుంటే మంచిది.

(ఇ) ఇరవై రెండవ తేదీన గేటు బయట, తలుపు తీయగానే అతనికి కనబడే చోట నన్ను నిలబడనివ్వవలసిందని. అతను రానంటే నేను పిలవను.

ఇందుకు కార్డు పంపనవసరం లేదు. తమరు చిత్తగించి, చదివి, ఇప్పిస్తే చాలు.

తమ విధేయుడు,
మూడో స్తంభం దగ్గర అర్జీలు రాసేవాడు
(నంబరు 318కి అన్న)

తా.క. ఉత్తరం విడిగా జతపరిస్తే దాని మీద కూడా ముద్ర పడుతుందేమోనని భయపడి, ఈ కాగితం మీదే అడుగున రాశాను. గీత గీసిన చోట చింపి అతనికి ఇవ్వండి. పైది తమ ఫైలుకు.

_______________

చిన్నోడా,

అమ్మ లేదురా. పోయినేడు వానల్లో పోయింది. పొద్దున్నే మంచినీళ్ళడిగింది, మీ వదిన తెచ్చేలోపలే అయిపోయింది. అప్పుడే నీకు రాశాను, నీకు చేరలేదు. నెలనెలా రాశాను, ఒక్కటీ చేరలేదు. తప్పు నాదే, వచ్చాక చెప్తాను. నువ్వు వినాలనుకుంటేనే.

అమ్మ నీ గురించి అడగని రోజు లేదు. బాగున్నావని చెప్పాను. నువ్వెలా ఉన్నావో నాకే తెలియకపోయినా చెప్పాను.

కాటా ఆయన భార్య కాగితం నేనే రాశాను. ఆమె మళ్ళీ వచ్చినా రాస్తానేమోరా. కానీ ఆ రోజు కలం పట్టుకునే ముందు లేచి నీ దగ్గరికి రావాల్సింది. రాలేదు.

అమ్మ లేదుగా అని ఇంకెక్కడికీ పోకు. నీ చొక్కాలు పెట్టెలో ఉన్నాయి. మీ వదిన రెండుసార్లు ఎండలో వేసింది. గేటు దగ్గర ఉంటాను. నాతో మాట్లాడకపోయినా ఫర్వాలేదు, నా వెనకాలే నడిచి రా. అది కూడా ఇష్టం లేకపోతే నువ్వే ముందు నడువు. ఒక్కటి గుర్తుపెట్టుకో. తూర్పు వైపు గోడ కూలితే కొత్తది కట్టించాం, తెల్లగా ఉంటుంది. మన ఇల్లు కాదనుకుని దాటిపోయేవు.

అన్నయ్య