గేటు బోర్డు మీద ఫోటో మార్చుట గురించి

పర్సనెల్ మేనేజర్ గణపతిరావు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: వెల్డర్ ఆర్థర్ ఫోటోను గేటు బోర్డు నుండి తొలగించి, ఆ స్థానమున డాక్టరు ఉదయభాను గారి ఫోటో తగిలించుట గురించి.

ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీ నివాసిని, బీఎస్సీ బయోటెక్నాలజీ విద్యార్థిని రెబెక్కా మనవి చేసుకొనునది. ఈ బెంగాలీ గడ్డ మీద తమరు మన భాషవారు గనుక తెలుగులో రాస్తున్నాను. నాకు కోపం ఈ భాషలోనే తిన్నగా వస్తుంది.

1. మా నాన్న ఆర్థర్ తమ కర్మాగారంలో వెల్డరు. దీపాల చుట్టూ రంగు వలయాలు కనిపిస్తున్నాయని కర్మాగారం కంటి శిబిరానికి వెళ్లారు. డాక్టరు ఉదయభాను గారు పరికరంలో చూసి, రెండు కళ్లలోనూ గోధుమరంగు సుడులున్నాయన్నారు. "వెల్డింగ్ కళ్లు నాకు తెలీవా దాదా? అద్దాలు తీసేసి పని చేసుంటావ్." "అద్దాల్లేకుండా నానెప్పుడూ సేయలేదు బాబూ" అని నాన్న చెప్పిన మాట రిపోర్టుకెక్కలేదు.

2. ఎక్కింది నాన్న ఫోటో, గేటు దగ్గరి 'అజాగ్రత్తపరులు' బోర్డు మీదికి. టోటో అనే బ్యాటరీ రిక్షా నడిపే తవిటయ్య, "ఏటి దాదా, సినిమా హీరోనాగ గేటెక్కిపోనావు" అంటే బండిలోని వాళ్లంతా నవ్వారు. నాన్న ఇప్పుడు సైకిలు మీద వెనక గేటుకు పోతున్నారు. సోమవారం విచారణ. తప్పు రుజువైతే ఉద్యోగం పోతుంది.

3. ఆ సుడులు వెల్డింగ్ వల్ల వచ్చినవి కావు. నాన్న చాలాకాలంగా గుండె దడకు అమియోడరోన్ మాత్ర వేసుకుంటున్నారు. మన కణాల్లో పాత కొవ్వును అరగదీసే చిన్న సంచులుంటాయి. ఈ మందు వాటిలో చేరి కూర్చుంటే ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు అరగక పేరుకుంటుంది. మా ల్యాబులో మెరిసే రంగు పూసిన కొవ్వును కణాలకిచ్చి చూశాం. మందు తగిలిన కణాలు పచ్చగా వెలిగాయి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రాల్లో అదే కొవ్వు ఉల్లిపొరల్లా ఉంటుంది. కంటిలోనైతే అది చూడటానికి కోత కూడా అక్కరలేదు. నల్లగుడ్డు ముందరి పారదర్శక పొరలో ఒక చోటి నుండి సుడి తిరిగి విచ్చుకుంటుంది, రెండు కళ్లలోనూ. వెల్డింగ్ మంట తగిలితే కన్ను ఎర్రబడి, ఇసుక పోసినట్టు మండి, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది.

4. మిడ్నాపూర్ కంటి డాక్టరమ్మ చూస్తూనే అడిగిన మొదటి మాట, "దాదా, గుండెకు మందు వాడుతున్నారా?" ఉదయభాను గారు ఈ ఒక్క ప్రశ్న అడగలేదు. మాత్రల చీటీ ఆ రోజూ నాన్న జేబులోనే ఉంది. గుండె డాక్టరును అడగకుండా మాత్ర మానవద్దనీ, ఊపిరితిత్తులు కూడా చూపించుకోమనీ ఆవిడ చెప్పారు. వారి ధ్రువపత్రం జతపరిచాను.

కావున విచారణ రద్దు చేయవలెను. అది న్యాయం. ఇక నాకు కావలసినది: అదే మేకుకు, నాన్న ఫోటో ఎన్నాళ్లుందో అన్నాళ్లూ, డాక్టరు గారి ఫోటో వేలాడవలెను. కింద 'అడగకుండా రాసినవారు' అని తెలుగు, బెంగాలీ, హిందీలలో ఉండవలెను. గదిలో పిలిచి చెప్పే క్షమాపణ మాకు వద్దు. నవ్విన వాళ్లు గేటు దగ్గర ఉన్నారు.

కోపంతో రాసినా కల్పించి రాయలేదని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
రెబెక్కా

తా.క.: ఇది నాన్నకు చదివి వినిపించాను. "డాక్టరుబాబు ఫోటో ఒద్దమ్మా. ఆలింట్లోనూ ఆడపిల్లుంటాది" అన్నారు. ఉంది. పేరు హరిచందన. మా ల్యాబులో ఆ వెలిగే కణాలను మేమిద్దరం ఒకే సూక్ష్మదర్శినిలో చూశాం. ఇంటికి వెళ్లి వాళ్ల నాన్నకు చెప్పిందట, ఆయన వినలేదట. ఇందుతో జతపరిచిన డాక్టరు గారి ఫోటో ఆమె ఇచ్చినదే.