దేవుడి గదిలో చైనా ఘుమఘుమ

ఉమా,

అన్నం, చారు వండి ఉంచాను. ఆఫీసు నుంచి రాగానే వేడి చేసుకుని తిను. నేను నార్సింగిలో మా చెల్లెలింటికి వెళ్తున్నాను, రేపు సాయంత్రం వస్తా.

నీ చైనా వంటకి తెచ్చుకున్న నువ్వుల నూనె కోసం వెతక్కు. పొద్దున దీపంలో పోసేశాను. సీసా మీద నువ్వుల బొమ్మే ఉందిగా! వేయించిన నువ్వులతో తీసిందని నాకేం తెలుసు? దేవుడి గదంతా నూడుల్స్ వాసన. మీ మామయ్య దణ్ణం సగంలో ఆపి "టిఫిన్ ఏంటి ఇవాళ?" అంటూ వంటింట్లోకొచ్చారు.

నవ్వకు. మొన్న ఇటలీ సాసులోకి బాల్కనీలో నా తులసి ఆకులు తుంచిందెవరో నాకు తెలుసు.

కొత్త సీసా నేనే తెస్తాలే.

అత్తయ్య

ఇంకో మాట. వారానికో దేశం రుచి నేర్చుకుంటున్నావు కదా, మా అమలాపురం వంతు ఎప్పుడు? ముందే చెప్పు, ఆ వారం ఎక్కడికీ వెళ్ళను.