హార్లన్ తుపాకీ మోత

అన్నయ్యా,

ఆదివారం గురిపోటీకి నీ పాత జంటగొట్టాల తుపాకీ అరువివ్వు. ఆ రోజే హార్లన్‌గారి పుట్టినరోజు కూడా. నేను కొన్న ఆయన తుపాకీ పాడుచేశాను. ఖర్చు కలిసొస్తుందని గొట్టాలకు తుప్పు పట్టకుండా వేసే నలుపు నేనే పట్టించబోయి మందు కలిపిన నీళ్ళలో మరిగించాను. రెంటినీ కలిపే టంకం ఊడింది. టంకం గట్టిగా ఉందో లేదో చూడ్డానికి వేలాడదీసి చెక్కతో తడితే గంటలా మోగేవి ఇప్పుడు పగిలిన కుండలా పలుకుతున్నాయి.

ఆయన పోయాక ఆయన భార్య ఎల్మాగారు దాన్ని నాకు సగం ధరకే ఇస్తూ, "ఏటా ఆయన పుట్టినరోజున పేల్చు నాయనా, వింటాను" అన్నారు. ఆవిడకి చూపు ఆనదు. నీ తుపాకీ పేల్చినా తెలియదు.

నిన్న ఇక్కడిదాకా రాశాను. ఇందాక ఆవిడే ఫోన్ చేశారు.

"పేల్చేముందు గొట్టాలు వేలాడదియ్యి. నా చేత్తో ఒకసారి తట్టాలి. ఆయన తడుతుంటే నలభై ఏళ్ళు విన్న మోత, మరిచిపోతానా?"

"సరేనమ్మా" అనేశాను.

తుపాకీ వద్దులే అన్నయ్యా. నువ్వు రా. ఆవిడ తట్టేటప్పుడు నా పక్కన నిలబడు.

నీ తమ్ముడు