ట్రాక్టర్ గిలక

రఘూ,

నువ్వు పోయాక ఇదే మొదటి సమ్మర్. బ్యాక్‌యార్డ్‌లో గడ్డి మోకాళ్ల దాకా వచ్చింది. పక్కింటావిడ కంచె దగ్గర నిలబడి చూస్తుంది కానీ ఏమీ అనదు. నాకు అదే కంగారు. గడ్డి కోసే నీ పాత చిన్న ట్రాక్టర్ స్టార్ట్ అయితే అవుతోంది. కానీ కింద బ్లేడ్లుండే డెక్‌లో బెల్టు తిరిగే గిలక విరిగిపోయింది. ఆన్‌లైన్‌లో ఎంత వెతికినా ఆ మోడల్‌కి దొరకలేదు.

ఇవాళ నేపర్‌విల్ అవతల నువ్వెప్పుడూ వెళ్లే పార్ట్స్ షాప్‌కి డ్రైవ్ చేశాను. తీరా వెళ్లాక చూస్తే, విరిగిన ముక్క ఇంట్లోనే మర్చిపోయాను. దాన్ని ఇంగ్లీష్‌లో ఏమంటారో నువ్వు చెప్పి చస్తేగా. కౌంటర్ దగ్గర తడబడి, చేత్తో గాల్లో సున్నాలు చుడుతూ "గిలక" అనేశాను.

అక్కడి ముసలాయన నవ్వాడు. "గిలాకా? అయితే నువ్వు రాగూ వైఫ్‌వి."

ఆ మాట నీ దగ్గరే నేర్చుకున్నట్టున్నాడు. మన మోడల్ కూడా గుర్తున్నట్టుంది, లోపలికెళ్లి, ఏదో పాత డెక్ నుంచి ఊడదీసిన గిలక తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"తను రాలేదేం?"

ఆఫీస్‌లో బిజీ అన్నాను.

ఇది ఏ వైపు పైకి రావాలో అడగబోయి ఆగిపోయాను. బిగించేది నువ్వేనని అనుకుంటున్నాడు కదా.