తెలుగులో చెప్తానని అడిగాను

పద్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన బిడ్డ చిన్ని ఇప్పుడు ఇంట్లో లేదు. బాత్రూం తలుపు తగిలి దాని చెంప కమిలితే, బడివాళ్లు చూసి ఇక్కడి అరబ్బు అధికారులకు చెప్పారు. విచారణలో తలుపు తగిలిందని చెప్పబోయి, నా వచ్చీరాని హిందీలో "దర్వాజే సే మారా" అన్నాను. నేనే తలుపుతో కొట్టానని రాసుకుని, పిల్లను సంరక్షణ కేంద్రానికి పంపారు.

"తెలుగులో చెప్తనని అడుగు. తండ్రిగా అది నీ హక్కు," అన్నాడు సత్వా పేటలో మన పక్క గది యాదగిరన్న. ఈరోజు వెళ్లి అడిగాను. తెలుగు దుబాసీని ఫోన్‌లో కలిపారు.

"ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పండన్నా," అందామె.

అంతా చెబుదామనే నోరు తెరిచాను.

"నా బిడ్డను నాకియ్యమనక్కా," అన్నాను. ఇంకో మాట రాలేదు.

ఆమె ఆ మాటనే అధికారికి అరబీలో చెప్పింది. రేపు మళ్లీ రమ్మన్నారు.